బావ కత్తెర, గుమ్మడి తీగ

మా బావ దర్జీ. బట్ట మీద ఒక్క పోగు వేలాడినా ఆయనకు అన్నం సహించదు. చేతి వణుకు మొదలయ్యాక ఎవరిదో కోటు మీద కుట్టు వంకర పోయింది. దుకాణం చూసుకునే మా మేనకోడలు తండ్రిని మెల్లగా ఇంటికి పంపేసింది. కత్తెర మాత్రం ఆయన వెంటే వచ్చింది.

ఆ కత్తెరతోనే పెరట్లో గుమ్మడి తీగకు సేవ మొదలుపెట్టాడు. “నా చేత్తో ఒక్క కాయ కాయించానంటే నన్ను మళ్లీ దుకాణానికి రానివ్వాలి. ఏమంటావ్?” అని కూతురితో పందెం వేశాడు.

“కాయించు నాన్నా, చూద్దాం” అందా పిల్ల.

తీగ పందిరెక్కింది. పువ్వులు విరగబూశాయి. పిందెలు మాత్రం గోళీలంత అయ్యేసరికి పచ్చబడి రాలిపోయేవి. బావ ఎరువు వేశాడు, నీళ్లు పెంచాడు, నీళ్లు తగ్గించాడు, చివరికి నా నోరు మంచిది కాదని నన్ను పెరట్లోకి రావద్దన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. దుకాణం మీద బెంగతో మనిషి సగమయ్యాడు.

ఓ పొద్దున బావ తెచ్చిచ్చిన పువ్వుల్ని గ్లాసులో సర్దుతూ అక్క తన వేళ్ల వంక చూసుకుంది.

“ఏమండీ, మీరు రోజూ తెచ్చే పువ్వులన్నిటికీ ఈ పసుపు పొడి ఉంది. ఒక్కదానికీ కింద పిందె లేదేం?”

“పిందె లేని ఉత్త పువ్వులనే కోస్తున్నా. పోగుల్లా వేలాడుతుంటే చూడ్డానికి ఏం బావుంటుంది?”

అక్క నెత్తి కొట్టుకుంది. “అవి మగపువ్వులండీ! పెళ్లికొడుకులందర్నీ తెచ్చి నా గ్లాసులో నిలబెట్టి, పెళ్లెందుకు కాలేదని తీగను అడుగుతున్నారా?”

నేను నవ్వు ఆపుకోలేక కూలబడ్డాను. బావ నవ్వలేదు. గ్లాసులోంచి ఓ పువ్వు తీసి, రెక్కలు తుంచి, పెరట్లోకి పరుగెత్తాడు. పిందె ఉన్న పువ్వొకటి విచ్చుకుని ఉంది. దాని మధ్యలో ఆనించగానే చెయ్యి వణికింది. కోటును పాడుచేసిన ఆ వణుకే పుప్పొడిని అన్ని వైపులా చక్కగా పూసింది.

ఆ పిందె నిలిచింది. బావ రోజూ టేపు చుట్టి దాని నడుము కొలిచి, ఇల్లంతా వినబడేలా కేకేసేవాడు. ఓసారి మేనకోడలు వచ్చి, ఆయన చెప్పిన కొలత విని, తనూ కొలిచి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

“రేపట్నుంచి దుకాణంలో కొలతలు నువ్వే తియ్యి నాన్నా. నేను తీస్తే ఒకరికి బిగుతు, ఒకరికి వదులు.”

“మరి కత్తెర?”

“అది అమ్మ దగ్గరే ఉంటుంది. దాంతో ఏం చేశావో చూశాంగా!”

బావ కత్తెర అక్క చేతిలో పెట్టి, టేపు మెడలో వేసుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే నావైపు తిరిగాడు.

“ఏరా, ఇలా వచ్చి నిటారుగా నిలబడు. నీ నడుమూ కొలుద్దాం. గుమ్మడికాయ ఓడిపోతుందేమో చూడాలి.”