వేపకొమ్మకు కట్టిన మూట

తొంభైల చివర్లో హాస్టల్లో సీటు దొరక్క ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. కాలేజీకి రెండు బస్సులు మారాలి. మాదాపూర్ వైపు కంప్యూటర్ భవనాల కోసం బండలు పేల్చే చప్పుడు గది దాకా వినిపించేది. డాక్టరీ మొదటి ఏడాది. అనాటమీ పరీక్షకు అసలైన ఎముకలు చేత్తో పట్టుకుని చదవాలి గనక ఒక సీనియర్ తన సంచీ నాకిచ్చాడు. పుర్రె, వెన్నుపూసలు, తొడ ఎముక, అన్నీ ఒకే మనిషివి.

ఇంటావిడను పెద్దమ్మ అనేవాణ్ణి. ఒక ఉదయం మంచం మీద తొడ ఎముక చూసి ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. సంచీనో నన్నో, ఎవరో ఒకరిని బయటకు పంపుతానంది. పరీక్షకు నెల కూడా లేదు. ఇంకో గది వెతుక్కుంటే చదువు సాగదు, ఎముకలు వదులుకుంటే పరీక్ష పోతుంది.

మా ఊరి గ్రంథాలయంలో బీరువాలకు బీరువాలు చదివినవాణ్ణి. ఆ ధీమాతో ఎముకంటే సున్నమూ భాస్వరమూ తప్ప మరేమీ కాదని ఆమెకు వివరించాను. ఓపిగ్గా విన్నది.

"మరి మీ తాత బొక్కలు గంగల ఎందుకు కలిపిన్రు బిడ్డా? సున్నమే గద, గోడకు పూసుకోకపోయిన్రా?"

నేను మళ్లీ భాస్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. చివరికి ఆమే దారి చూపింది. అస్థికలను ఇంట్లోకి తేరు. గంగకు తీసుకుపోయేదాకా మూటగట్టి చెట్టుకు వేలాడదీస్తారు. అలా నా అనాటమీ వాకిట్లోని వేపకొమ్మ ఎక్కింది. పొద్దున్నే దించుకుని చెట్టు కిందే చదివేవాణ్ణి. అమావాస్యనాడు ఆమె అక్కడ ఇంత అన్నం పెట్టింది. కాకులు తిని పోయాక గానీ నన్ను మూట ముట్టనివ్వలేదు.

పరీక్షలో ఎగ్జామినర్ తొడ ఎముక అందించగానే నేను బూట్లు విడిచాను. చెప్పులతో ముట్టుకుంటే పెద్దమ్మ ఊరుకునేది కాదు మరి. ఆయన నా సాక్సుల వంక చూసి, గుడికొచ్చావా అని అడిగాడు. పక్కవాళ్లు నవ్వారు. నేను మాత్రం అది కుడికాలిదని, ఏ కండరం ఎక్కడ అంటుకుంటుందో గడగడా చెప్పేశాను.

పాసయ్యానంటే పెద్దమ్మ నన్నేమీ మెచ్చుకోలేదు.

"నువ్వు చదివినవ్, సరే. చెట్టు మీదున్న ఆయన సతాయించలే, గదే గొప్ప."

ఇక ఆయన్ని గంగలో కలపమంది. కుదరదని, వచ్చే ఏడాది చేరేవాళ్లకు అప్పజెప్పడం మా ఆనవాయితీ అని చెప్పాను. ఆమె కొమ్మకున్న మూట వైపు తిరిగింది.

"ఇంకెంతమందిని పాస్ చేయిస్తే ఇడుస్తరు బిడ్డా, ఆయన్ని?"