పిట్ట ముట్టని అన్నం

మొన్న మధ్యాహ్నం ఎల్బీనగర్‌లోని ఆసుపత్రిలో మా కోడలిని చేర్పించి ఆటోలో తిరిగి వస్తుంటే, ఏడేళ్ళ మనవడికి వాళ్ళమ్మ క్యాన్సర్ సంగతి ఎట్లా చెప్పాలా అని నేను సతమతమవుతుండగా, మా అబ్బాయి నావైపు చూడకుండానే ఒక మాట అన్నాడు. "వానికి చెప్పొద్దమ్మా, అమ్మ ఊరికి పోయిందని చెప్దాం." అచ్చం ఆ మాటే నేను పంతొమ్మిదివందల అరవై తొమ్మిదిలో, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పెంకుటింట్లో మా నాన్న నోట విన్నాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అక్కడ ద్రాక్షతోటలూ, ఖాళీ జాగాలూ, విసిరేసినట్టు నాలుగు ఇళ్ళూ తప్ప ఏముండేవి కనుక! తెలంగాణ ఉద్యమం రోజులు కావడంతో బడులు మూశారు, బస్సులు ఆగిపోయాయి, మూసారాంబాగ్ వైపు నుంచి నినాదాలు గాలికి వినిపించి ఉన్నట్టుండి ఆగిపోయేవి, అవి వినిపించినప్పటికంటే ఆగిపోయినప్పుడే మాకు ఎక్కువ భయం వేసేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున లేచేసరికి అమ్మ లేదు. నల్లగొండ దగ్గరి మా ఊరికి పోయిందని నాన్న గోడవైపు చూస్తూ చెప్పాడు, పాపం ఆయనకు అబద్ధమాడడం చేతనయ్యేది కాదు. బస్సులు లేకుండా ఎట్లా పోయిందనీ, చెప్పులు గుమ్మంలోనే ఎందుకున్నాయనీ తమ్ముడు నన్ను అడిగాడు. వాడికి ఆరేళ్ళు, నాకు తొమ్మిది.

వంటకోసం వచ్చిన మేనత్త, పెరట్లోని గదిలో తేళ్ళున్నాయని మమ్మల్ని అటు పోనిచ్చేది కాదు. ఆవిడే రోజూ మధ్యాహ్నం మోదుగాకు విస్తరిలో అన్నమూ, అమ్మకిష్టమైన పచ్చిపులుసూ పెట్టి ఆ గది గడప మీద ఉంచి, కొంగు తలమీదికి లాక్కుని బావిదాకా వెనక్కి వచ్చి, మమ్మల్ని లోపలికి తరిమేది. కాసేపటికి మేము తొంగిచూస్తే విస్తట్లో అన్నం కదిపి ఉండేది.

ఆ పద్ధతి మాకు తెలుసు. అంతకుముందే తాత పోయినప్పుడు ఆయనకిష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, పెద్దలంతా వెనక్కి జరిగి కాకో మరో పిట్టో వచ్చి ముట్టాలని ఎదురుచూడడం చూశాం. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయినట్టు, అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇవ్వాలి. అందుకని మా అమ్మ చచ్చిపోయిందని మేమిద్దరం మాలో మేమే తేల్చేసుకున్నాం. ఆ గదిలోంచి అప్పుడప్పుడు దగ్గు వినిపించేది, అమ్మ ఇంకా పూర్తిగా వెళ్ళిపోలేదేమో అనుకుని ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చునేవాళ్ళం. తమ్ముడు తినడం తగ్గించాడు, అమ్మ ఏదని అడగడం మానేశాడు. పిల్లవాడికి బుద్ధి వచ్చిందని మేనత్త మురిసిపోయింది!

ఒక మధ్యాహ్నం విస్తరి ముట్టకుండా అలాగే ఉండిపోయింది. మేనత్త పక్కింటికి వెళ్ళింది, పెరడంతా నిశ్శబ్దం, కొమ్మమీద ఒక్క కాకి లేదు. అమ్మకు కోపం వచ్చిందనుకున్నాం. తమ్ముడు గడప ముందు నిలబడి, పెద్దవాళ్ళలాగే చేతులు జోడించాడు.

"అమ్మా, అక్కతోని కొట్లాడ. సక్కగ తింట. ముట్టవే అమ్మా."

వాణ్ణి నేను చూసుకుంటానని నేనూ మాట ఇచ్చాను. అన్నం కదలలేదు. గది లోపల ఎవరో వెక్కి ఏడ్చారు. గడియ దానంతటదే ఊడినట్టు తలుపు జానెడు తెరుచుకుంది, ఆ చీకట్లోంచి ఎముకలు తేలిన చేయి ఒకటి వచ్చి విస్తట్లో అన్నం ముద్ద తీసుకుంది.

"నేను సావలే బిడ్డా, ఈడనే ఉన్న."

తమ్ముడే ముందుకెళ్ళి, వెచ్చగా ఉందో లేదో చూడడానికి ఆ చేతిని తన చెంపకు ఆనించుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ మా ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని, తన రొమ్ములో రాచపుండు, అదే ఇప్పటి క్యాన్సర్, లేచిందనీ, దవాఖానలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి ఇంటికి పంపారనీ, అది మా అల్లరివల్ల వచ్చింది కాదనీ దాచకుండా చెప్పింది. ముట్టుకుంటే అంటుకోదని డాక్టరమ్మ ముందే చెప్పిందట, మేనత్త నమ్మక ఆమెను ఆ గదిలో వేరుగా ఉంచింది, పిల్లల విషయంలో అమ్మకూ ధైర్యం చాల్లేదు. ఆ మర్నాటి నుంచి అన్నం మేమే లోపలికి తీసుకెళ్ళాం, తమ్ముడు ఆమె పక్కనే కూర్చుని తిన్నాడు.

బడులు తెరవకముందే అమ్మ పోయింది. విస్తరి పెట్టి ఇంకా వెనక్కి జరగనైనా లేదు, కాకి వచ్చి వాలింది. చూసినవాళ్ళంతా ఆశ్చర్యపోయారు. మేము చెప్పాల్సిన మాటలన్నీ అమ్మ బతికుండగానే విన్నది కదా, ఇంక దేనికోసం ఆగుతుంది?

ఇప్పుడు ఆ తోటలు లేవు, మెట్రో స్తంభాల మధ్య కాకి కనబడడమే గగనమైపోయింది. జబ్బుకు మందులొచ్చాయి, పిల్లలతో ఇలాంటివి నెమ్మదిగా మాట్లాడడానికి ఆసుపత్రిలో ప్రత్యేకంగా ఒక అమ్మాయి ఉంది. మారనిదల్లా మా నాన్న చెప్పిన ఆ ఒక్క అబద్ధమే, అందుకే ఆటో దిగగానే మా అబ్బాయికి ఇదంతా చెప్పాను. ఆ రాత్రే వాడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఇవాళ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మనవడే మోసుకుని ఆసుపత్రిలో వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళాడు. తలుపు బార్లా తీసే ఉంది, లోపల ఇద్దరి నవ్వులూ వినిపిస్తున్నాయి. అయినా కోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా నేను గడప దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడే ఉన్నాను.