రాళ్లరేవు నీటిగీత

లచ్చయ్య ఎడమచేతి బొటనవేలితో జనుపనారను రెండు పలకల సందులోకి నొక్కి, కుడిచేత్తో ఉలిమీద సుత్తె వేస్తున్నాడు. మూడు దెబ్బలకు నార లోపలికి పోవాలి. నాలుగో దెబ్బకు బిగుసుకోవాలి. ఐదోది వేస్తే టేకు చీలుతుంది. ఈ లెక్క అతనికెవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ల కింద గోదావరి ఒక పాత పడవను తెచ్చి రాళ్లరేవు ఇసుకలో పడేసి పోయింది. నాగళ్లు, బండిగిర్రలు చేసుకుని బతికే వడ్ల లచ్చయ్య దాన్ని మేకు మేకు ఊడదీసి చూసి, మళ్లీ కట్టాడు. మూడుసార్లు అది మునిగింది. నాలుగోసారి తేలింది. అప్పటినుంచి కరీంనగర్ వైపు ఒడ్డునున్న ఆ రేవులో పడవ పని అతనిదే.

అది 1958. మిరుగు కార్తెకు ఇంకా నాలుగు రోజులుంది. వాన పడకముందే ఎగువనుంచి బురద వాసన వస్తున్నది.

రేవు సర్కారుది. ఏటా తహశీలు కచ్చేరిలో దాన్ని వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్ము సర్కారుకు కట్టి, ఏడాది పొడుగునా దాటేవాళ్ల దగ్గర వసూలు చేసుకుంటాడు. ఎంత వసూలు చేయాలో మాత్రం సర్కారే పలకమీద రాయించి గుంజకు కొట్టించింది. మనిషికి అణా. అంతకు మించి అడగరాదు. ఈసారి లక్ష్మీరాజం సేటు పంతానికి పోయి నిరుటి పాటకు రెట్టింపు పాడి గుత్త దక్కించుకున్నాడు. ధర పెరగదు కాబట్టి ఇక పెరగాల్సింది తలలే.

తలలకు అడ్డం నీటిగీత. పడవ పక్కన తెల్లరంగుతో గీసి ఉంటుంది. జనం ఎక్కేకొద్దీ పడవ దిగుతుంది, నీళ్లు గీతను ముట్టగానే ఎక్కడం ఆపాలి. ఆ గీతను పెట్టింది లచ్చయ్యే. ఒకప్పుడు మనిషంత బరువున్న ఇసుక బస్తాలను ఒక్కొక్కటే పడవలో వేసి, అన్నింటినీ ఒక పక్కకు జరిపి, ఎక్కడ అంచు మునుగుతుందో చూసి, దానికి జానెడు కిందుగా గీశాడు. పాతపడిన టేకు నీళ్లు తాగి బరువెక్కింది. ఇప్పుడు ముప్పై మందికే నీళ్లు గీతను ముడుతున్నాయి.

సర్కారు ఓవర్సీరు వచ్చి, గీత చూసి, కాగితం మీద సంతకం పెట్టి పోయాడు. ఆయన సైకిలు గట్టు దాటగానే సేటు లచ్చయ్య పక్కకొచ్చి నిలబడ్డాడు.

"గీతను నాలుగు వేళ్ల మందం మీదికి గీయి, లచ్చయ్యా. ఇంకెవడు కొలుస్తడు?"

"గోదారి కొలుస్తది సేటూ."

"గోదారికి నేను పైసలు కట్టలే, సర్కారుకు కట్టిన. గీస్తవా, ఇంకోణ్ణి పిలువాల్నా?"

లచ్చయ్య గుగ్గిలం, ఆముదం కలిపి కాగబెట్టిన గిన్నెను మంటమీదినుంచి దించాడు. సేటు అన్నది నిజమే. రంగు పూయడానికి ఎవడైనా చాలు. రెండేళ్ల కింద దిగువ రేవులో పడవ బోల్తా పడినప్పుడు ఇసుకలో దొరికిన చెప్పులను జతలు కూర్చలేక కుప్ప పోశారు. రేపు బేస్తవారం, లక్సెట్టిపేట అంగడి. లచ్చయ్య పెండ్లాం పోచవ్వ తెడ్లు, గరిటెలు గంపలో పెట్టుకుని ప్రతి అంగడికీ ఇదే పడవలో ఆదిలాబాద్ వైపు దాటుతుంది.

"గీస్త," అన్నాడు.

పడవ నడిపే సారయ్య గడకర్ర పట్టుకుని అక్కడే ఉన్నాడు. లచ్చయ్య పాత గీతను గీకేసి, నాలుగు వేళ్లు పైకి కొలిచి, కొత్త గీతను వంకర లేకుండా గీస్తుంటే చూసి మొహం తిప్పుకున్నాడు. మరునాడు పొద్దున సారయ్య చుట్ట కాల్చుకు వచ్చేసరికి లచ్చయ్య పడవలో మోకాళ్లమీద ఉన్నాడు. చేతిలో చెక్కను తొలిచే బర్మా తిరుగుతున్నది. కాళ్లచుట్టూ టేకుపొట్టు. సారయ్య వంగి చూశాడు. ఇద్దరూ కలిసి పడవను నీళ్లలోకి నూకారు.

నీళ్లు ఎర్రబారాయి. నురగ, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. అవతలి ఒడ్డుమీద మబ్బు దిగి అంగడి తొవ్వ కనబడటం లేదు. ఇవతల జనం మాత్రం తిర్నాలలా ఉన్నారు. సేటు పలక కింద కూర్చుని అణాలు తీసుకుని పంపిస్తున్నాడు. పోచవ్వతో కలిపి ముప్పై మంది ఎక్కారు. ఇంకా పంపాడు. మేకపిల్లతో ఒక ముసలమ్మ, ఉల్లిగడ్డ బస్తాతో ఇద్దరు. జాగా లేదని ఎవరో అంటే, గీత ఇంకా తేలే ఉంది గదా, కండ్లు లేవా అని కసిరాడు. అందరూ గీతను చూశారు. నిజంగానే అది పొడిగా ఉంది.

ముప్పైనాలుగో మనిషి కాలు పెట్టగానే, అప్పటిదాకా గంపల చాటున సన్నగా కారుతున్న నీళ్లు పడవ లోపలికి రెండు పక్కలనుంచి చిమ్మాయి. పాత గీత ఉన్నచోట, పక్కకొకటి చొప్పున, బొటనవేలంత బెజ్జాలు. మేకపిల్ల అరిచింది. ఐలవ్వ అనే కూరగాయలమ్మ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, సేటు అణాకు స్నానం గూడ చేయిస్తుండు, అన్నది. ఇంకా ఒడ్డు వదల్లేదు కాబట్టి దిగడం మొదలుపెట్టారు. నలుగురు దిగితే ధార సన్నబడింది. ఇంకొకరు దిగేసరికి ఆగిపోయింది. చివర దిగినతను పడవలో మిగిలిన ఇరవైతొమ్మిది మందినీ లెక్కపెట్టుకుని, మళ్లీ ఎక్కకుండా ఒడ్డునే కూర్చున్నాడు.

సేటు నీళ్లదాకా వచ్చాడు. కోపంలోనూ గొంతు లేపలేదు. "నువ్వే కొట్టినవ్. నువ్వే మూయి."

"గీత నువ్వు చెప్పిన కాడ గీసిన. బొక్క నాకు తెల్సిన కాడ కొట్టిన. మూసుడు నా పని గాదు."

సేటు సారయ్య వైపు తిరిగి రెండు కర్రమేకులు చెక్కమన్నాడు.

"చెక్కుత సేటూ," అన్నాడు సారయ్య. "ఆ పూట గడకర్ర పట్టేటోణ్ణి గూడ తమరే సూసుకోవాలె."

 సేటు గట్టుమీది గుడిసె దడిలోంచి బొటనవేలంత తుమ్మపుల్ల ఒకటి విరిచి, దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ పడవనే చూస్తున్నాడు. ఎగువన ఎక్కడో ఉరిమింది.

పోచవ్వ గంప ఒళ్లో పెట్టుకుని కుడిపక్క బెజ్జానికి వీపు ఆనించి కూర్చుంది. దిగమని లచ్చయ్య అనలేదు, దిగుతానని ఆమె అనలేదు. అతను పడవలోకి వంగి, అడుగున చేరిన నీళ్లు తోడిపోసి, గోనెతో తుడిచి, నార కొట్టిన ప్రతి అతుకునూ అరచేత్తో తడిమాడు. చెయ్యి పొడిగానే వచ్చింది. గుంజకున్న తాడు విప్పి సారయ్య చేతికిచ్చాడు.

"అతుకులన్ని పొడిగున్నయ్. పడవ అప్పజెప్పిన," అన్నాడు.