పుంగనూరులో డస్ట్ కలెక్టర్ వణుకు

2006లో మదనపల్లెలో నాకు మోటార్లు, బ్లోయర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అప్పటికి పద్నాలుగేళ్ల అనుభవం. కుప్పం వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి కూడా పిలుపులు వచ్చేవి. నాకు తెలియని యంత్రం లేదన్న ధీమాతో తిరిగేవాణ్ని.

ఆ వేసవిలో పుంగనూరు నుంచి మునెప్ప ఫోన్ చేశాడు. ఆయన సమాధి రాళ్ల మీద ఉలితో అక్షరాలు చెక్కేవాడు. జనం రాతిపై ఫొటోలు కూడా అడుగుతుండటంతో లేజర్ ఎన్‌గ్రేవర్ కొన్నాడు. కాంతి కిరణంతో నల్లరాయి, చెక్క, అక్రిలిక్ మీద బొమ్మ దించే యంత్రం అది. కంప్యూటరు పని కూతురు సుగుణ చూసుకునేది. ఫొటోలు యంత్రానికి వదిలినా, అక్షరాలు మాత్రం ఆయన చేత్తోనే చెక్కేవాడు.

నేను వెళ్లేసరికి బల్ల మీద ఒక ముసలమ్మ ముఖం దించిన రాయి ఉంది. గీతలన్నీ వంకర్లు పోయి, కళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు.

"సూడప్పా, ఈయమ్మ కొడుకు ఈ రాయి సూసి, మాయమ్మ ఇట్లుంటుందా అని కండ్లల్లో నీళ్లు పెట్టుకున్యాడు. ఏం జెప్పేది నేను?" అన్నాడు మునెప్ప.

కారణం కనుక్కోవడం కష్టం కాలేదు. పొగను, దుమ్మును పీల్చే డస్ట్ కలెక్టర్‌ను లేజర్ ఉన్న ఇనుప బల్లకే బిగించారు. దాని వణుకంతా బల్లకు పాకుతోంది. కలెక్టర్‌ను విడదీసి వేరే స్టాండు మీద పెట్టాను. కింద యాంటీ వైబ్రేషన్ మౌంట్లు, అంటే బోల్టులున్న రబ్బరు దిమ్మెలు, బిగించాను. బల్లనూ కలెక్టర్‌నూ కలిపే గట్టి పైపు తీసేసి, వంగే గొట్టం తగిలించాను. కొత్త రాయి మీద గీతలు వెంట్రుకల్లా సన్నగా, తిన్నగా వచ్చాయి.

"అన్నా, బల్ల ఇంగ కదలడం లేదు!" అంది సుగుణ సంబరంగా.

మునెప్ప మాత్రం కలెక్టర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి, "బల్లకు వొణుకు లేదు, సరే. దీనికి ఉండాది కదప్పా. యాల వొణుకుతాండాది ఇది?" అన్నాడు.

అడగాల్సిన ప్రశ్న అదే. లోపల తిరిగే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటాం. చెక్క, అక్రిలిక్ పొగలోని జిగురు దానికి ఒకవైపే పేరుకుంటే తూకం తప్పి వణుకుతుంది. నాకు ఆ సంగతి తెలుసు. అయితే చూడాలంటే డబ్బా విప్పి చక్రం బయటికి తీయాలి, అరపూట పని. అవతల కుప్పంలో నా కోసం ఎదురు చూస్తున్నారు.

"మళ్లీ వచ్చినప్పుడు విప్పి చూస్తాలే మునెప్పన్నా" అని సంచి సర్దుకున్నాను.

మూడు వారాలకు ఆయనే ఫోన్ చేశాడు.

"అప్పా, డబ్బా ముందుకంటే ఎక్కువ ఊగుతాండాది."

"రబ్బరు మీద నిలబెట్టినాం కదన్నా, ఆ మాత్రం ఊగుతాది. గీతలు బాగొస్తాండాయా?"

"అవి బాగానే వస్తాండాయి."

"ఇంగేం మరి!" అని పెట్టేశాను.

నేను చెప్పింది సగం నిజం. రబ్బరు మీద డబ్బా కొంత ఊగుతుంది, కానీ రోజురోజుకీ ఊపు పెరగదు. పెరుగుతోందా అని నేను అడగలేదు. బల్లకే బిగించి ఉన్నట్టయితే రాళ్లు పాడై, వాళ్లే యంత్రం ఆపేసేవాళ్లు. ఆ అవకాశం కూడా లేకుండా చేశాను.

మరుసటి నెల సుగుణ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇంపెల్లర్ రెక్క విరిగి, డబ్బా పలచటి రేకు చీల్చుకుని బయటికి వచ్చింది. ఆ సమయానికి మునెప్ప చెయ్యి డబ్బా మీదే ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి.

మదనపల్లె ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి, "తప్పు నాదన్నా. ఆ పొద్దే విప్పాల్సింది" అన్నాను.

ఆయన కట్టు కట్టిన చెయ్యి దిండు మీదికి జరుపుకున్నాడు. "వొణుకు ఆపమంటి, ఆపితివి. నువ్వేం జేస్తావులేప్పా" అన్నాడు.

తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాణ్ని. ఆ మాటకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

తర్వాత ఆ డబ్బా విప్పాను. చక్రానికి ఒకవైపు నల్లటి జిగురు గట్టిగా పేరుకుని ఉంది. విరిగిన చోట వెల్డింగు అంచున తుప్పు. అంటే ఆ పగులు పాతది. మొదటి రోజే విప్పి ఉంటే కంటికి కనిపించేదే.

అప్పటి నుంచి వణుకు తగ్గించమని ఎవరు పిలిచినా, ముందు కరెంటు తీసి డబ్బా విప్పుతాను. చక్రం శుభ్రం చేసి, వెల్డింగు చూసి, అది ఎందుకు వణుకుతోందో తేలాకే రబ్బరు ముట్టుకుంటాను. అంత వ్యవధి లేదంటే పని ఒప్పుకోను. ఈ బుద్ధి నాకు ఇంకొకరి చేతి వేళ్లు పోయాక వచ్చింది.

రెండేళ్ల తర్వాత మా నాన్న సమాధి రాయి కోసం పుంగనూరు వెళ్లాను. వేరే చోట చేయించడానికి మనసొప్పలేదు. మునెప్ప సుత్తి పట్టలేక ఉలి పని మానేశాడు. అక్షరాలు కూడా యంత్రమే దించుతోంది. సుగుణ రాయి తుడిచి చూపించింది. ఒక్క గీత కూడా వంకర లేదు.

"బాగుంది కదన్నా?" అన్నాను.

మునెప్ప రాయి మీదికి వంగి చూశాడు.

"అచ్చరాలు తిన్నగానే ఉండాయప్పా. లోతు లేదు" అన్నాడు.