క్యాపులకు అభిషేకం

పంతొమ్మిదివందల ముప్పైల్లో మాట. మా అత్తవారిది భీమడోలు దగ్గర పల్లె. మావారికి కొల్లేట్లో పరజల వేటంటే ప్రాణం. చలి మొదలై ఆ అడవిబాతులు దిగాయంటే ఆయన కాలు ఇంట్లో నిలిచేది కాదు. లైసెన్సు తుపాకి ఉండేది. పేల్చేసిన ఇత్తడి తూటాలను పారేయకుండా వాటిలోనే మళ్ళీ మందూ, సీసపు రవ్వలూ కూరి, అడుగున, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించి మందును పేల్చే పప్పుబద్దంత రాగి క్యాపు బిగించేవారు. ఇదంతా నా వంటింటి పక్క వసారాలో! తడి, నూనె తగిలితే క్యాపులు చచ్చిపోతాయని నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఏమైనా అంటే, "నీకేం తెలుసే, ఊరుకో" అనేవారు.

ఒక ఏడు ఏలూరులో కొన్న క్యాపుల్లో సగానికి సగం తాలు. తుపాకి ఉంది, మందుంది, ఎదురుగా బాతుంది, తూటా మాత్రం పేలదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. పేలని క్యాపును మేకుతో గుచ్చి పెరికి, కొత్తది బిగించడం మావారి విద్య.

"వద్దండీ, అది చచ్చిపోయిందని మీతో చెప్పిందా?" అని మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖమే.

ఓ పొద్దున చచ్చిందనుకున్న క్యాపు టప్పుమంది. పరుగెత్తుకొచ్చి చూద్దును కదా, మొహమంతా మసి, ఎడమ కనుబొమ్మ మాయం! ఆయన ఆ కన్ను తెరిచేదాకా నా ప్రాణం నాలో లేదు. అమ్మవారి దయవల్ల చూపు దక్కింది. అద్దంలో చూసుకుని, "వెంట్రుకలేగా, మొలుస్తాయి" అని నవ్వారు మహానుభావుడు. మధ్యాహ్నానికల్లా మళ్ళీ మేకు పట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత నెలకే దసరా వచ్చింది. ఆయుధపూజలో బొట్లు పెట్టే పని నాదే. ఏటా తుపాకికి పెట్టి ఊరుకునేదాన్ని. ఆసారి ఆయన కొత్తగా తెచ్చుకున్న క్యాపుల డబ్బా కూడా దించాను. పళ్ళెంలో పోసి, పసుపునీళ్ళతో భక్తిగా అభిషేకం చేశాను. పైన నాలుగు చుక్కలు నువ్వులనూనె. తుడిచి, ఆరబెట్టి, ఎక్కడివక్కడ సర్దేశాను.

పరజలు దిగాయి. మావారు దోనె మాట్లాడుకుని తెల్లారగట్లే కొల్లేట్లోకి వెళ్ళారు. భోజనం వేళకు వట్టి చేతులతో తిరిగొచ్చారు.

"ఒక్కటి పేలితే ఒట్టు! కాసేపుంటే బాతులొచ్చి తుపాకి గొట్టం మీదే వాలేవి. రేపు బండికి ఏలూరు వెళ్ళి ఆ కొట్టువాడి అంతు చూస్తాను" అని విస్తరి ముందు చిందులు తొక్కారు.

నా పుణ్యానికి పరాయివాడు తిట్లు తినడం ఏం న్యాయం?

"ఆ కొట్టాయన్ని ఏమీ అనకండి. దసరాకి క్యాపులకు నేనే పూజ చేశాను" అని నూనెతో సహా చెప్పేశాను.

కలిపిన ముద్ద ఆయన చేతిలోనే ఆగిపోయింది.

"అంత పూజ చేసి ఏం కోరుకున్నావే?"

"మీ రెండు కళ్ళండీ. ఇంకేమీ అడగలేదు."

కేకలేస్తారనుకున్నాను. ఎడమచెయ్యి పైకెత్తి, సగమే మొలిచిన కనుబొమ్మను తడుముకున్నారు. తల దించుకుని, "పులుసు పొయ్యి" అన్నారు.

మర్నాడు ఏలూరు వెళ్ళలేదు. క్యాపులు పెరికే ఆ మేకును దొడ్డిగోడకు దిగగొట్టి, నా బీరపాదుకు తాడు కట్టిపెట్టారు.