జెసింతా పేరు తీసేయండి

కోలారు బంగారు గని కార్మికుల చాంపియన్ రీఫ్స్ లైన్ ఇళ్లలో సాయం అడగక్కర్లేదు, వద్దన్నా చేస్తారు. గని నడిచిన రోజుల్లో వేళకాని వేళ సైరన్ మోగితే, లోపల ఉన్నది ఎవరింటి మనిషని చూడకుండా లైనంతా గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేది. గని మూతపడింది గానీ ఆ పరుగు మానలేదు.

పెళ్లి గౌన్లు కుట్టే జెసింతా 2013లో సొంత వెబ్‌సైట్ పెట్టిందని తెలియగానే అందరూ ఎగబడ్డారు. వెబ్ పేజీ ఉన్న ప్రతివాళ్లూ అందులో ఆమె సైటుకు లింకులు పెట్టేశారు. ట్యూషన్ మాస్టర్ మైఖేల్ తన లెక్కల పాఠాల నడుమ 'జెసింతా కుట్టే మంచి పెళ్లి గౌన్లు' అని చోటు దొరికినచోటల్లా దూర్చాడు. త్రికోణానికీ గౌనుకూ ఏం పొత్తో ఆయనకే తెలియాలి.

ఇవన్నీ డబ్బిచ్చి పెట్టించుకున్న దొంగ లింకులని సెర్చ్ ఇంజన్ అనుకుంది. ఎవరు వెతికినా ఆమె సైటు కనబడకుండా చేసింది. బెంగళూరు, చెన్నై ఆర్డర్లు ఆగిపోయాయి. మిషన్ మీద గుడ్డ కప్పవలసి వచ్చింది. ఆ మిషన్ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

"ఇంగో పేరుతో కొత్త సైటు పెట్టుకోక్కా" అంది పక్కింటి జూలీ.

"నేనేం దొంగతనం చేసినానా, పేరు మార్చుకునేకి? ఇదే పేరు మళ్లీ కనపడల్ల" అంది జెసింతా.

'ఇవి ప్రేమతో పెట్టిన లింకులు, మోసం కాదు' అని సెర్చ్ ఇంజన్ వాళ్లకు విన్నపం పంపింది. కుదరదు, ముందు లింకులన్నీ తీయించమని జవాబు వచ్చింది. ఒళ్లు మండి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగింది.

సాయం చేయమని అడగడం కన్నా, చేసిన సాయం వెనక్కి తీసుకొమ్మనడం కష్టం. చర్చి పాటల పేజీ నడిపే జూలీ కళ్లనీళ్లు పెట్టుకుంది. "మా పేజీలో నీ పేరుంటే నామోషీనా?" అంది. జెసింతా బతిమాలింది, కసిరింది, తీసేదాకా గుమ్మంలో కూర్చుంది. మైఖేల్ ఒక్కడే మొండికేశాడు.

"మీ నాయనా మా నాయనా ఒకే షాఫ్టులో దిగినారు. నీ పేరు నా చేత్తో తుడిచేదా అక్కా? నాతో కాదు."

"మైఖేలప్పా, సైరన్ మోగిందని అందరూ ఉరికొచ్చి షాఫ్టు నోటికి అడ్డం నిలబడితే, లోపలోడు బయటికెట్లొస్తాడు? పక్కకు జరగల్ల గదా. జరుగప్పా!"

మైఖేల్ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో పాఠంలోంచీ ఆమె పేరు తీసేశాడు.

రెండో విన్నపంలో జెసింతా వాదించలేదు. జరిగింది జరిగినట్టు రాసింది, లింకులన్నీ తీయించానంది. కొన్నాళ్లకు శిక్ష ఎత్తేశామని జవాబు వచ్చింది. వెతికి చూసుకుంటే తన పేరు కనబడింది. ఆమె కడుపు నిండినంత సంతోషపడింది.

కబురు విని అందరికన్నా ముందు మైఖేలే పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఈ సంగతి నా పేజీలో పెట్టేదా?"

"వద్దప్పా సామీ! నోటితో చెప్పు, చాలు" అంటూ జెసింతా మిషన్ మీది గుడ్డ తీసింది.