బోణీ బేరం

మా కోడలు నిన్న ఇప్పపువ్వు లడ్డూల డబ్బా తెచ్చింది. మీద ధర అచ్చువేసి ఉంది. బేరమాడే వీల్లేని సరుకంటే నాకు మొదటినుంచీ చిరాకే. మూత తియ్యగానే మాత్రం మంచిర్యాల బజారులో మా బాపు దుకాణం, చింతపండు బస్తాలు, సారపప్పు తట్టలు, ఎండిన ఇప్పపువ్వు మీద ముసిరే ఈగలు, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటి ఎండలు, అన్నీ ఒక్కసారిగా ముక్కులోకి వచ్చిపడ్డాయి.

బాపు పొద్దున్నే గడప కడిగి, యేసయ్యకు దండం పెట్టి తలుపులు తెరిచేవాడు. మొదట వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో పంపడం మా బజారులో ఏ మతంవాళ్లకూ లేదు. బోణీ బేరమంటే నష్టానికైనా ఇచ్చేసి, ఆనక మా అవ్వ చేత (అమ్మను మేం అలాగే పిలిచేవాళ్లం) తిట్లు తినేవాడు. నాకు తెలిసిన వేదాంతమంతా అదే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఇప్పపూలు రాలే రోజుల్లో, మూడేళ్ల మా తమ్ముడు యోనాకు మశూచి వచ్చింది. వాడకట్టు వాళ్లు అమ్మవారన్నారు, పాస్టరుగారు ఆ మాట అనొద్దన్నారు. పేరు మార్చినా పొక్కులు తగ్గలేదు. ఆయన రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని, ఒకనాడు ఆదాము చేసిన పాపమన్నాడు, మరునాడు మన విశ్వాసానికి పరీక్షన్నాడు, మూడోనాడు దేవుని ఆలోచన మనకందదన్నాడు. ఒకే సరుకుకు రోజుకో మాట చెప్పేవాణ్ని మా బజారులో నిలవనియ్యరు.

“అయ్యగారూ, యోనాగాడు అబద్ధమాడుడు గూడ ఇంక నేర్వలే. వాడేం పాపం జేసిండు?” అన్నాను. అవ్వ నా నెత్తిమీద ఒక్కటి మొట్టింది.

ఇక లాభం లేదని తెల్లవారగానే, గంట కొట్టకముందే చర్చికి, మా మాటలో గుడికి, పరుగెత్తాను. ఆ రోజు దేవుడికి బోణీ నేనే కావాలి. బేరం తక్కువనుంచే మొదలుపెట్టాను: ఇప్పపువ్వు ఇక తిననన్నాను. అది చాలదేమోనని, క్రిస్మస్‌కు కొత్త గౌను వద్దన్నాను. జడ కోసిస్తానన్నాను. నా కన్నొకటి తీసుకొమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది గాని మింగేశాను. అసలు ధర మొదటిరోజే ఎవరు చెబుతారు? రేపటికి ఉంచుకున్నాను.

ఆ మధ్యాహ్నమే యోనా పోయాడు.

గుడ్‌ఫ్రైడే నాడు అవ్వ చింతపండు పిసుకుతుంటే, కన్ను దాచుకున్నందుకే దేవుడు తమ్ముణ్ని తీసుకుపోయాడని చెప్పి ఏడ్చాను.

“పిచ్చిదానా! యేసయ్య గూడ సిలువెక్కే ముంగట తోటల తండ్రిని బతిమాలిండు, గా సావుగిన్నె నాకొద్దని. కన్నకొడుకు మాటనే ఇన్లే. నీ కన్ను ఏం జేసుకుంటడే?”

“మరి గసొంటాయన కాడికి ఎందుకు పోవుడవ్వా?”

అవ్వ చింతపండు పిప్పి పిండి పక్కన పడేసింది. “కొడుకు సావు సూసుడంటే ఏందో ఆయనకెరుక. గీ బజార్ల ఇంకెవ్వలకెరుక?”

అది జవాబు కాదు. కానీ పాస్టరుగారి మూడు జవాబులూ పోయాక మా ఇంట్లో నిలిచింది అదొక్కటే.

ఇప్పుడు ఆ దుకాణం లేదు, బోణీ పట్టింపూ లేదు, మశూచి అయితే లోకంలోనే లేదు. దాన్ని కాస్త ముందే పంపించేస్తే నీ సొమ్మేం పోయేదని, ఆదివారం అందరికంటే ముందే గుడికి వెళ్లి ఇప్పటికీ అడుగుతాను. ఆయనకు అలవాటైపోయింది.

“ఒక్కటన్న తిను అత్తమ్మా,” అంది కోడలు.

ఆనాటి ఇప్పపువ్వు బేరం ఆయన ఒప్పుకోలేదు. నేను మాత్రం నా మాట వెనక్కి తీసుకోలేదు. డబ్బాకు మూత పెట్టేశాను.